డీ నది సాల్మన్ లెక్కలో మనమూ ఉండాలి: అబర్డీన్ తెలుగువారికి బహిరంగ లేఖ

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లోనూ, డీ నది వెంబడి ఉన్న డీసైడ్ ఊళ్లలోనూ ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ఇక్కడి యూనివర్సిటీల్లో చదువుకుంటున్న మన పిల్లలకు నమస్కారం.

మన ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చేవి డీ నది నీళ్లు. ఎగువన కెయిర్న్‌టన్ దగ్గర, ఊరి అంచున ఇంచ్‌గార్త్ దగ్గర నదిలోంచి నీళ్లు తీసుకుని, శుద్ధి చేసి నగరానికి పంపిస్తారు. మన పప్పు ఉడికేది ఆ నీళ్లతోనే, పిల్లలకు పాలపొడి కలిపేదీ ఆ నీళ్లతోనే. గార్త్‌డీ క్యాంపస్‌లో చదివే పిల్లలైతే లైబ్రరీ కిటికీలోంచి రోజూ ఆ నదినే చూస్తుంటారు. కాబట్టి డీ నదితో మనకేం పని అంటే నేను ఒప్పుకోను. ఆ నదిలో పుట్టి పెరిగే అట్లాంటిక్ సాల్మన్ చేప తగ్గిపోతోంది. ఎంత తగ్గింది, ఏ వయసులో తగ్గింది, ఎక్కడ తగ్గింది అన్నది సరిగ్గా తెలియాలి. ఆ తెలుసుకునే పనిలో మన చెయ్యి కూడా పడాలని అడగడానికే ఈ లేఖ.

మన వాట్సాప్ గ్రూపులో ఒకరు ఒక వార్త పంపారు, స్కాట్లాండ్‌లో సాల్మన్ మళ్లీ బాగా పడుతోందని. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. వార్తలో అబద్ధమేమీ లేదు. 2023లో స్కాట్లాండ్ నదులన్నిటిలో కలిపి గాలానికి పడిన సాల్మన్ 32,477. 1952లో లెక్కలు రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2024లో అది దాదాపు 47 వేలకు వచ్చింది. ఒక్క ఏడాదిలో అంత పెరిగిందంటే ఎవరికైనా సంతోషమే, నాకూ సంతోషమే. కానీ 2010లో పడినవి సుమారు 1,10,000. ఆ అంకె పక్కన పెట్టి చూస్తే 47 వేలు అంటే ఏమిటో అర్థమవుతుంది.

అసలు సంగతి ఇంకొకటుంది. గాలానికి ఎన్ని పడ్డాయన్నది నదిలో ఎన్ని చేపలున్నాయో చెప్పే లెక్క కాదు. వానలు బాగా పడి నది నిండుగా పారితే సముద్రంలోంచి చేపలు చకచకా పైకి వస్తాయి, గాలానికీ దొరుకుతాయి. ఎండకు నది చిక్కిపోతే అవే చేపలు నదీముఖం దగ్గర ఆగిపోతాయి, లేదా మడుగుల్లో అడుగున కదలకుండా ఉండిపోతాయి. నీళ్లు వేడెక్కినప్పుడు చేపకు ప్రాణం మీదకి వస్తుందని గాలం వేసేవాళ్లు కూడా మానుకుంటారు. ఎంతమంది, ఎన్ని గంటలు గాలం వేశారన్నది ఆ 32,477లో కనబడదు. పైగా 2023లో పట్టిన చేపల్లో 96 శాతం మళ్లీ నీళ్లలోకే వదిలేశారు. అలా వదిలిన చేప రెండు వారాల తర్వాత పై మడుగులో మళ్లీ పడితే రెండు చేపలుగా లెక్కలోకి వస్తుంది. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం తగ్గిందనుకోవడం లాంటిది ఇది. తగ్గే ఉండొచ్చు, కానీ రక్తపరీక్ష చేయకుండా ఇంటికి పంపిస్తే ఏ తల్లీ ఊరుకోదు.

ఈ చేప బతుకు గురించి నాలుగు మాటలు చెప్పాలి. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఎర్రనీరు దిగినప్పుడు సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కే పులసను చూసినవాళ్లు వాళ్లు. సాల్మన్ కూడా అలా ఎదురెక్కే చేపే. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆడచేప కెయిర్న్‌గార్మ్ కొండల కింది వాగుల్లోకి చేరి, తోకతో గులకరాళ్లు తవ్వి ఆ గుంటలో గుడ్లు పెడుతుంది. ఒక్కో చేప కొన్ని వేల గుడ్లు పెడుతుంది. చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ల కిందే ఉంటాయి. వసంతంలో పిల్లలు బయటికొస్తాయి. రెండు మూడేళ్లు వాగులోనే పెరిగి, ఒళ్లంతా వెండిరంగు తిరిగాక ఏప్రిల్, మే నెలల్లో దిగువకు బయల్దేరతాయి. అబర్డీన్ హార్బర్‌లో పెద్ద పెద్ద షిప్పుల పక్కనుంచే అవి సముద్రంలోకి పోతాయి. అప్పటికి వాటి పొడవు మన అరచేతికి కాస్త ఎక్కువ, అంతే. అక్కణ్ణుంచి నార్వే సముద్రం, గ్రీన్‌లాండ్ తీరం దాకా వెళ్లి, ఒకటి నుంచి మూడేళ్లు మేసి, మళ్లీ పుట్టిన వాగుకే వస్తాయి. ఈ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ లెక్కపెట్టే దారి ఉంది. ఏ మజిలీలో లెక్క తప్పిందో తెలిస్తేనే మందు ఏమిటో తెలుస్తుంది.

చేపపిల్లల లెక్క నాకు బాగా దగ్గరగా తెలుసు. వేసవి చివర్లో వాగుల్లో నీళ్లు తగ్గినప్పుడు ఎలక్ట్రోఫిషింగ్ చేస్తారు. శిక్షణ పొందిన మనిషి బ్యాటరీ బ్యాగు వీపుకు తగిలించుకుని, చివర లోహపు రింగు ఉన్న పొడవాటి కర్ర పట్టుకుని, దిగువ నుంచి ఎగువకు మెల్లగా నడుస్తాడు. రింగు చుట్టూ నీళ్లలో కొద్దిపాటి కరెంటు పారుతుంది. రాళ్ల సందుల్లో దాక్కున్న పిల్లలు ఆ రింగు వైపు ఈదుకుంటూ వచ్చి ఒక్క క్షణం స్తంభించిపోతాయి. పక్కనున్నవాళ్లు చేతివలతో తీసి బకెట్లో వేస్తారు. బకెట్ మోయడం, కొలతలు కాగితం మీద రాయడం నా పని. మత్తుమందు కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి, ఒక్కోదాన్నీ స్కేలు గీసిన పలక మీద పెట్టి మిల్లీమీటర్లలో పొడవు చెబుతారు, మనం రాసుకోవాలి. ఐదారు సెంటీమీటర్లుంటే ఆ ఏడు పుట్టిన పిల్ల. దాన్ని ఫ్రై అంటారు. పది దాటితే ఏడాది వయసుదో, ఇంకా పెద్దదో. దాన్ని పార్ అంటారు. పార్ పక్కల మీద వరసగా ముదురు నీలిపట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య ఒక ఎర్రచుక్క. కొన్నిటికి రెండు మూడు పొలుసులు గీరి చిన్న కవర్లో వేస్తారు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే వాటి మీద వలయాలు కనబడతాయి, వేసవిలో పెరిగినవి ఎడంగా, చలికాలంలో పెరిగినవి దగ్గరదగ్గరగా. వయసు అలా తేలుస్తారు. వాగులో ఆ భాగంలోనే రెండోసారి, మూడోసారి కూడా తిరిగి, ప్రతిసారీ ఎంత తగ్గిందో చూసి మొత్తం ఎన్ని ఉండొచ్చో లెక్క కడతారు. తేరుకున్నాక అన్నిటినీ అదే వాగులో వదిలేస్తారు.

ఆ కాగితం చదవడం వచ్చిందంటే వాగు తన కష్టం తనే చెబుతున్నట్టు ఉంటుంది. పార్ ఉన్నాయి, ఫ్రై లేవు అంటే పోయిన చలికాలంలో ఏదో జరిగింది. గుడ్లు పెట్టే చేప రాలేదో, వచ్చి పెట్టిన గుడ్లు వరదకు కొట్టుకుపోయాయో. 2015 డిసెంబర్ చివర్లో ఫ్రాంక్ తుఫాను వచ్చినప్పుడు డీ నది పొంగి బాలటర్ ఊరు మునిగింది. ఇళ్లు, రోడ్లు పోయిన సంగతి అందరికీ గుర్తుంది. గుడ్లున్న గులకరాళ్లు సరిగ్గా ఆ నెలల్లోనే నది అడుగున ఉంటాయి. అలాంటి వరదలో ఆ రాళ్లు దొర్లిపోతే గాలం లెక్కలో అది తెలిసేది నాలుగైదేళ్ల తర్వాత, ఆ పిల్లలు పెద్దవై రావాల్సిన ఏడు రానప్పుడు. వాగులో దిగి చూసినవాళ్లకు మరుసటి వేసవికే తెలిసిపోతుంది. అందుకే నాకు ఈ లెక్క మీద అంత నమ్మకం.

ప్రభుత్వం లెక్క సంగతి చెప్పాలి. 2016 నుంచి స్కాట్లాండ్‌లో నదులకు ఏటా గ్రేడు ఇస్తున్నారు. నది వెడల్పు, పొడవు చూసి, ఈ నదిలో సాల్మన్ తరం నిలబడాలంటే ఎన్ని గుడ్లు కావాలో ముందు లెక్కగడతారు. గాలానికి పడిన చేపల్ని బట్టి మొత్తం ఎన్ని వచ్చి ఉంటాయో, వాటిలో ఆడవెన్నో, అవి ఎన్ని గుడ్లు పెడతాయో అంచనా వేస్తారు. ఐదేళ్ల లెక్క చూసి, కావలసినన్ని గుడ్లు పడే అవకాశం 80 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే మొదటి గ్రేడు. 60 నుంచి 80 మధ్య ఉంటే రెండో గ్రేడు. 60 కంటే తక్కువైతే మూడో గ్రేడు, అక్కడ పట్టిన ప్రతి చేపనూ వదిలేయాల్సిందే, చట్టం. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఒకటుంది. ఇంతే ఉన్నాయి అని గట్టిగా చెప్పకుండా, ఇంత అవకాశం ఉంది అని నిజాయితీగా చెబుతారు. కానీ ఆ గొలుసులో మొదటి కొక్కెం గాలం లెక్కే. నదిలో ఎక్కే చేపల్ని యంత్రంతో లెక్కపెట్టే కౌంటర్లు ఉన్న నదులు కొద్దిగానే ఉన్నాయి. దేశమంతటా ఒకే పద్ధతిలో చేపపిల్లల్ని లెక్కపెట్టే కార్యక్రమం 2018లో మొదలైంది, కానీ ఏటా జరగలేదు. నది ఆరోగ్యం మీద తీర్పు చెప్పాలంటే పెద్ద చేపలూ, పిల్లలూ, సముద్రానికి బయల్దేరే స్మోల్ట్‌లూ, నీటి వేడీ అన్నీ కలిపి, ఏ ఏడూ తప్పకుండా చూడాలి. ఒక ఏడు డబ్బు లేదని మానేస్తే ఆ ఏడు పుట్టిన తరం సంగతి మళ్లీ ఎప్పటికీ తెలియదు.

ఏటా చూస్తే ఏమొస్తుంది అంటారా? బాల్మోరల్ పక్కన గిర్నాక్ అని చిన్న వాగుంది. డీ ఉపనది. కారులో పోతుంటే చాలామంది గమనించరు కూడా. అక్కడ 1966 నుంచి, పైకి వచ్చే ప్రతి పెద్ద చేపనూ, కిందికి పోయే స్మోల్ట్‌నూ ట్రాప్ పెట్టి లెక్కిస్తున్నారు. ప్రపంచంలో సాల్మన్ మీద ఇంత పొడుగాటి లెక్కలు చాలా కొద్దిచోట్లే ఉన్నాయి. ఒకప్పుడు వందల్లో వచ్చిన చేపలు ఇప్పుడు పదుల్లోకి పడిపోయాయి. సముద్రంలోకి వెళ్లినవాటిలో తిరిగొచ్చేవి బాగా తగ్గాయని, నదిలో తప్పేమీ లేకపోయినా సముద్రం చేపను మింగేస్తోందని గట్టిగా చెప్పగలిగింది ఇలాంటి చోట్ల ఓపికగా రాసిపెట్టిన లెక్కల వల్లే. ఇవాళ నది వదిలి వెళ్లిన వంద పిల్లల్లో తిరిగొచ్చేవి ఐదు కూడా ఉండటం లేదని సాల్మన్ సంస్థలు చెబుతున్నాయి. సముద్రం వేడెక్కుతోంది, మేత మారుతోంది.

మరి సముద్రాన్ని మనమేం చేయగలం, వదిలేద్దామా? వదిలేయకూడదు. 2019లో స్కాట్లాండ్ ఈశాన్యాన మోరే ఫర్త్ అనే అఖాతంలో కలిసే నదుల్లో వందల స్మోల్ట్‌లకు చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి వెంబడించారు. వాటిలో సుమారు సగం సముద్రం ముఖం చూడకముందే, నదిలోనే మాయమయ్యాయి. పక్షులు, పెద్ద చేపలు, అడ్డుకట్టలు, తక్కువ నీళ్లు, కారణాలు ఏవైనా కావచ్చు. సముద్రంలో ఎక్కువ చచ్చిపోతున్నాయంటే, నదిలోంచి అంత ఎక్కువ, అంత పుష్టిగా ఉన్న పిల్లలు వెళ్లేలా చూడటమే మన చేతిలో ఉన్న పని. ఆ పని జరుగుతోందో లేదో తెలియాలన్నా లెక్కే కావాలి.

నీటి వేడి సంగతి కూడా అంతే. సాల్మన్ చల్లటి నీటి చేప. నీళ్లు 23 డిగ్రీలు దాటితే అవస్థ పడుతుంది. మనకు అది చన్నీళ్లే, చేపకు మాత్రం ఊపిరాడనంత వేడి. 2018 వేసవిలో స్కాట్లాండ్ నదుల్లో దాదాపు 70 శాతం ఆ గీత దాటాయి. ఎగువ డీలో ఒడ్డున చాలాచోట్ల చెట్లే లేవు. వందల ఏళ్లుగా గొర్రెలు, జింకలు మొలకల్ని మేసేశాయి. అలాంటి చోట కొండవాగు మీద నీడ అన్నది లేదు. డీ నది బాగు కోసం పనిచేసే రివర్ డీ ట్రస్ట్ వాళ్లు పది లక్షల చెట్లు నాటే పని పెట్టుకున్నారు. మొలకల్ని జింకలు తినకుండా కంచెలు కడుతున్నారు. కూలిన చెట్ల మానుల్ని వేళ్లతో సహా వాగులో అడ్డంగా పెడుతున్నారు, పిల్లలు దాక్కోవడానికి, గులకరాళ్లు నిలబడటానికి. చూడటానికి చెత్త పేరుకుపోయినట్టే ఉంటుంది. దయచేసి ఎవరూ బాగుచేద్దామని వాటిని లాగేయకండి.

అడ్డు తీస్తే చేప వస్తుందన్నదానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. పీటర్‌కల్టర్‌లో పాత పేపర్ మిల్లు ఆనకట్ట వల్ల కల్టర్ వాగులోకి సాల్మన్ రెండు వందల ఏళ్లకు పైగా ఎక్కలేకపోయింది. 2014లో అక్కడ చేపలు ఎక్కే దారి కట్టారు. చేప మళ్లీ పైకి ఎక్కింది. ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులసను తలుచుకుంటే ఇది ఎంత పెద్ద విషయమో మీకు చెప్పక్కర్లేదు. పులస ఈ ఏడు కిలో ఎంత పలికిందో మన పేపర్లలో ఏటా వస్తుంది, టీవీల్లో చూపిస్తారు. ఎన్ని పులసలు గుడ్లు పెట్టడానికి పైకి చేరాయో ఆ వార్తలో ఉండదు. ధర పెరిగిందంటే చేప తరిగిందని అర్థం, అయినా మనకు ధరే గుర్తుంటుంది. ఇక్కడా షాపులో ట్రేల నిండా ఎర్రటి సాల్మన్ కనబడుతుంటే నదిలో కూడా అలాగే ఉందనుకుంటాం. అక్కడున్న స్కాటిష్ సాల్మన్ దాదాపు అంతా పెంపకం చేపే, ఎక్కువగా పశ్చిమ తీరాన సముద్రంలో వలల మధ్య పెంచింది. నదిలో పుట్టి, గాలానికి పడిన చేపను అమ్మడమే చట్టరీత్యా నేరం. 2023 డిసెంబర్‌లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం బ్రిటన్‌లోని సాల్మన్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది. షాపు ట్రే చూసి ఆ మాట నమ్మబుద్ధి కాదు.

ఇంకో దేశం మాట. 2024 జూన్‌లో నార్వే, చేపలు రావాల్సినన్ని రావడం లేదని తెలియగానే, సీజన్ మధ్యలోనే 33 నదుల్లో సాల్మన్ వేట ఆపేసింది. గాలం వేసుకోవడానికి డబ్బులు కట్టినవాళ్లున్నారు, దాని మీద బతికే ఊళ్లున్నాయి. అయినా ఆపారు. చేతిలో నమ్మదగిన లెక్క లేకపోతే ఏ ప్రభుత్వానికీ ఆ ధైర్యం రాదు.

ఇప్పుడు మీ దగ్గర నేను అడిగేది. ప్రతి ఏడూ కొత్త గ్రేడులు ఖరారు చేసే ముందు స్కాటిష్ ప్రభుత్వం ప్రతిపాదనలు బయటపెట్టి జనం అభిప్రాయం అడుగుతుంది. ఎవరైనా రాయొచ్చు, గాలం పట్టినవాళ్లే రాయాలని లేదు. డీ నది గ్రేడు ఒక్క గాలం లెక్క మీద కాకుండా పిల్లల లెక్క, స్మోల్ట్‌ల లెక్క కూడా కలిపి ఇవ్వాలని, పిల్లల సర్వే ఏ ఏడూ ఆగకూడదని, గిర్నాక్ ట్రాప్‌కు డబ్బు కోయకూడదని రాయండి. మీ ఎంఎస్‌పీకి, అంటే స్కాటిష్ పార్లమెంటులో మీ ప్రాంత సభ్యులకు, అదే రాయండి. వీసా మీద ఉన్నాం, మన మాట ఎవరు వింటారు అని చాలామంది అంటుంటారు. చట్టబద్ధంగా ఇక్కడ ఉంటూ 16 ఏళ్లు నిండి, ఓటరుగా నమోదైన మనవాళ్లకు స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. మన మాట వినాల్సిన అవసరం వాళ్లకుంది.

మనలో డేటా పని చేసేవాళ్లు ఎంతమందో. ఆఫ్‌షోర్‌లో సెన్సర్లు, వాల్వులు చూసేవాళ్లు, ఆస్పత్రిలో ల్యాబ్ నడిపేవాళ్లు, స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు. నది ట్రస్టులకు అలాంటి చేతులు కావాలి. చెట్లు నాటే రోజులకు కుటుంబంతో రావచ్చు. ఎలక్ట్రోఫిషింగ్ మాత్రం అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి, సొంతంగా ఎవరూ ప్రయత్నించొద్దు. బకెట్ పట్టుకునే మనిషి కావాలా అని ముందే అడిగితే మాత్రం సాధారణంగా కాదనరు. మోకాళ్ల పైదాకా వచ్చే బూట్లు వాళ్లే ఇస్తారు, వెచ్చటి సాక్స్ మీరు తెచ్చుకోండి.

రోజువారీ జాగ్రత్తలు కొన్ని. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎగువ డీలో గులకరాళ్ల మీద లోతు లేని నీళ్లలోకి పిల్లల్నీ, కుక్కల్నీ దింపకండి, కింద గుడ్లుంటాయి. వేసవిలో పిక్నిక్‌కి వెళ్లినప్పుడు వాగులో రాళ్లు పేర్చి ఆనకట్టలు కట్టినా, తిరిగొచ్చేటప్పుడు వాటిని విప్పేసి రండి. నదిలో నల్లటి పెద్ద గవ్వలు కనబడితే ముట్టుకోకండి. అవి ముత్యపు ఆల్చిప్పలు. వందేళ్లు బతుకుతాయి, చట్టం రక్షణ ఉంది. వాటి పిల్లలు మొదట పెరిగేది సాల్మన్, ట్రౌట్ పిల్లల మొప్పల మీదే, అంటే చేప పోతే అవీ పోతాయి. అనుమతి కాగితం లేకుండా సాల్మన్‌కు గాలం వేయడం ఇక్కడ నేరం, ఆదివారం అయితే కాగితం ఉన్నా వేయకూడదు. మనవాళ్లు తెలియక చిక్కుల్లో పడకూడదని ఇది రాస్తున్నాను. వాగులో నీళ్ల రంగు మారినా, నురగ కనబడినా, చచ్చిన చేపలు తేలినా ఫోటో తీసి సెపా (స్కాట్లాండ్ పర్యావరణ పరిరక్షణ సంస్థ) వాళ్లకు వెంటనే ఫోన్ చేయండి. గంట ఆలస్యమైతే సాక్ష్యం కొట్టుకుపోతుంది.

గ్రేడుల మీద అభిప్రాయం పంపడానికి గడువు కొద్ది వారాలే ఉంటుంది. ప్రతిపాదనలు రాగానే లింకు గ్రూపులో పెడతాను. ఇంగ్లీషులో ఎలా రాయాలో అని మొహమాటపడేవాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండి, కూర్చుని కలిసి రాద్దాం. పిల్లల్ని కూడా తీసుకురండి. పార్ ఫోటోలు, పొలుసుల ఫోటోలు నా దగ్గరున్నాయి, చూపిస్తాను.

మీ,
డీ ఒడ్డున ఉంటున్న ఒక తెలుగు పొరుగు
అబర్డీన్